మాత్ర మానొద్దు, వేళ మార్చండి

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. రక్తం 9.2 ఉందని ఏఎన్‌ఎం ఐరన్ మాత్రలు ఇచ్చింది. వేసుకుంటే వికారం, విరేచనం నల్లగా అవుతోంది. బిడ్డ కూడా నల్లగా పుడుతుందని ఇరుగుపొరుగు అంటున్నారు. మాన్పించమంటారా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మాన్పించకండమ్మా. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే రక్తహీనతే. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము బయటికి పోతుంది కాబట్టి విరేచనం నల్లబడుతుంది. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది, మాత్ర నుంచి కాదు. మాత్ర మానేస్తే బిడ్డ తెల్లగా పుట్టదు సరికదా, తక్కువ బరువుతో పుట్టే ముప్పు పెరుగుతుంది.

వికారం ఉంటే పరగడుపున వద్దు. రాత్రి అన్నం తిన్న గంటకు, పడుకోబోయే ముందు వేయించండి. అసలు చిక్కంతా టీ దగ్గర, అది ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదు. మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ ముట్టకూడదు. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి. చాలా ఇళ్లలో రెండూ ఒకే గుక్కలో మింగించేస్తారు! నిమ్మరసం, జామ, ఉసిరి ఇనుము ఒంటబట్టేలా చేస్తాయి. ఆకుకూరలు మంచివే కానీ ఈ లోటు వాటితోనే తీరదు.

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద పెట్టే భోజనం, గుడ్డు, పాలు ఆమే తినాలి, ఇంటికి తెచ్చి పంచడానికి కాదు.

నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ పెరగకపోయినా, ఆయాసం, గుండెదడ ఉన్నా డాక్టరుకు చూపించండి. 7 లోపుకు పడిపోతే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కాన్పయ్యాక కూడా 180 రోజులు మాత్రలు వాడాలి.