బొమ్మ ఒకరిది, మాట ఒకరిది - మరి పాత్ర ఎవరిది?



ఈ నెల గోడపత్రికలో పాత్రల గురించి రాస్తున్నాను. పాత్ర అంటే మన మెస్సులో అన్నం వండే గుండిగ కాదు, నవ్వొద్దు. బేతాళుడు, బుడుగు, బ్యాట్‌మ్యాన్ లాంటి బొమ్మల కథల్లోని మనుషులు. వీళ్లను పుట్టించింది ఎవరు? మాట రాసినవారా, బొమ్మ గీసినవారా?

మన బీరువాలో బైండు చేసిన పాత చందమామలు ఉన్నాయి గదా. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియళ్లను అట్టలు ఊడేదాకా చదివినాము. రాసినది ఎవరని వెతికితే పేరు దొరకదు. బొమ్మ మూలన మాత్రం 'చిత్రా' అని సంతకం కనిపిస్తుంది. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. కథలు రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1952లో చందమామలో చేరి, 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి 12 సీరియళ్లు రాసినారు. పత్రికలో పనిచేసేవాళ్ల పేర్లు వాళ్ల రచనల మీద వెయ్యకపోవడం అక్కడి పద్ధతి. కొడవటిగంటి కుటుంబరావు గారంతటి రచయిత 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను నడిపించినారు, ఆయన పేరూ సంపాదకుడని పడలేదు. దాసరి గారు 2010లో పోయినారు. ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చినప్పుడు అట్ట మీద ఆయన పేరు వేసినారు. కానీ చిన్నప్పుడు నెలనెలా ఎదురుచూసి చదివిన పిల్లలు అప్పటికే తాతలైపోయినారు!

బేతాళుడిది ఇంకో రకం చిక్కు. ఆ కథలు వెయ్యేళ్ల నాటివి. సంస్కృతంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో 25 ఉన్నాయి. అవి అయిపోయినాక కూడా చందమామవాళ్లు వందల కొత్త కథలకు అదే చట్రం తొడిగి నడిపినారు. అయితే బేతాళుడు అనంగానే మన కళ్ల ముందుకు వచ్చేది కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడే శవం. ఆ బొమ్మ శంకర్ గారిది. అసలు పేరు కె.సి. శివశంకరన్. 2020లో చనిపోయినారు, 2021లో పద్మశ్రీ ఇచ్చినారు. బేతాళుడు ఆయన పుట్టించిన పాత్ర కాదు, మనకు తెలిసిన ఆ రూపం మాత్రం ఆయనదే. ఈ రెండూ వేరువేరు అని నేను అనుకుంటాను.

తమాషా ఏమంటే, ఈ తగువుకు పనికొచ్చే కథ ఆ బేతాళుడి దగ్గరే ఉంది. నలుగురు అన్నదమ్ములు విద్యలు నేర్చుకొని అడవికి పోతారు. ఒక ఎముక దొరుకుతుంది. ఒకడు దానికి మాంసం కల్పిస్తాడు, ఒకడు తోలూ వెంట్రుకలూ, ఒకడు మిగిలిన అవయవాలు. నాలుగోవాడు ప్రాణం పోస్తాడు. అది సింహం! లేచి నలుగురినీ చంపుతుంది. పాపం ఎవరిదని బేతాళుడు అడిగితే, ప్రాణం పోసినవాడిదే అంటాడు రాజు. తక్కినవాళ్లకు అది ఏ జంతువో తెలీదు, వాడికి తెలుసు.

పాపానికి పెట్టిన ఈ కొలత పేరుకు కూడా సరిపోతుంది. ఏ సింహం తయారవుతా ఉందో తెలిసి చెయ్యి కలిపినవాళ్లందరికీ వాటా ఉండాల.

అమెరికాలో 1939లో బ్యాట్‌మ్యాన్ వచ్చినాడు. మొదటి బొమ్మ గీసినవాడు బాబ్ కేన్. దానికి ఎర్ర బట్టలు, గట్టి రెక్కలు, కళ్లకు చిన్న ముసుగు. ఇట్ల కాదు, తలంతా కప్పే తొడుగు పెట్టు, రెక్కలు తీసి వెనక గుడ్డ వేలాడనీ, రంగు ముదురు చెయ్యి అని చెప్పి, తొలి కథ రాసినవాడు బిల్ ఫింగర్. ఒప్పందం చేసుకున్నది కేన్ ఒక్కడే, అందుకే డెబ్భై ఏళ్లకు పైగా ఒక్క పేరే పడింది. ఫింగర్ 1974లో చనిపోయినాడు. ఆయన పేరు పక్కన చేరింది 2015లో. సూపర్‌మ్యాన్ సంగతి ఇంకా అన్యాయం. జెర్రీ సీగల్ రాసినాడు, జో షుస్టర్ గీసినాడు. 1938లో 130 డాలర్లకు హక్కులు అమ్ముకున్నారు. పోయిన పేర్లు మళ్లీ వచ్చింది 1975లో.

మన బుడుగుకు ఈ గొడవే లేదు. మాట ముళ్ళపూడి వెంకటరమణ గారిది, గీత బాపు గారిది. రెండు పేర్లూ ఒకే ఊపిరిలో చెప్తాము.

ఇంత దూరం ఎందుకు పోయినానంటే మన 'ఎలుగు మామ' కోసం. పోయిన నెల చూడ్డానికి వచ్చిన ఆఫీసరు సార్ ఆ బొమ్మల కథ ముందర నిలబడి నవ్వినారు, కింద పేరున్న అన్నను పిలిచి పెన్ను ఇచ్చినారు. ఆ అన్న చేసింది సిరా చేతిరాత. చాలా చక్కగా రాసినాడు, కాదనను. కానీ కళ్లద్దాలు పెట్టుకొని మెస్సులో రెండోసారి వడ్డించమని అడిగే ఎలుగును అనుకున్నది ఆరో తరగతి తమ్ముడు. బొమ్మ గీసింది తొమ్మిదో తరగతి అన్న. తమ్ముడు నాతో ఏమీ అనలేదు, అయితే ఆ రోజు నుంచి కొత్త కథ చెప్పమంటే గుర్తు రాలేదంటున్నాడు.

తేనె కోసం చెట్టెక్కే ఎలుగు కథ వాళ్ల తాత నల్లమల గూడెంలో చెప్పినది. తాతది బేతాళుడి పాత కథ లాంటిది. కళ్లద్దాలు తాతవి కావు. అందుకని నా లెక్క ఇది: మాట తమ్ముడు, బొమ్మ తొమ్మిదో తరగతి అన్న, చేతిరాత పదో తరగతి అన్న, ఆధారం తాత చెప్పిన కథ. పుట్టించినవాళ్లు మొదటి ఇద్దరే. చేతిరాత అన్నకు కోపం వస్తే వచ్చి వాదించొచ్చు, వచ్చే నెల పక్క కాలమ్ ఆయనదే.

ఎలుగు మామ కింద నాలుగు వరుసలకు చోటు గీసి పెట్టినాను. వార్డెన్ సార్ ఒప్పుకుంటే ఆదివారం స్టడీ అవర్ అయినాక పేర్లు రాస్తాము.