తాగి బండి నడిపిన కేసు: నిందితుడి వాదన ఎక్కడ నిలుస్తుంది?

సారా వ్యతిరేక ఉద్యమం గురించి చదివిన ప్రతి అభ్యర్థికీ దూబగుంట పేరు తెలుసు. ఆ ఊరు నెల్లూరు జిల్లాలో, వింజమూరుకు పొరుగునున్న కలిగిరి మండలంలోనే ఉంది. 1990ల మొదట్లో ఆ జిల్లా ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. అలాంటి సీమలో తాగి బండి నడిపినవాడి తరఫు వాదన గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మద్యం మీద ఎంత కోపం ఉన్నా, రుజువు లేకుండా ఎవరినీ శిక్షించకూడదన్న నియమం అందరికీ ఒకటే. ఎస్సై, కానిస్టేబుల్, లాసెట్ పరీక్షలు రాసేవాళ్లు నిందితుడి వైపు వాదన కూడా చదువుకోవాలి.

సెక్షన్ 185

మోటారు వాహనాల చట్టం 1988లోని ఈ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా బండి నడిపినా, నడపబోయినా నేరమే. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఈ జరిమానాలు రూ.2,000, రూ.3,000 మాత్రమే. పాత పుస్తకాల్లో ఆ అంకెలే ఉంటాయి, జాగ్రత్త. ట్రాక్టరు కూడా మోటారు వాహనమేనని ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ తట్టదు.

ఊదడం నుంచి రక్త పరీక్ష దాకా

వింజమూరులో రాత్రి తనిఖీ జరుగుతోందనుకుందాం. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి బైకు ఆపి బ్రీత్ అనలైజర్‌లో ఊదమంటాడు. ఆయనకు ఆ అధికారమిచ్చేది సెక్షన్ 203. అందుకు తగిన అనుమానం ఉండాలి. వాడే పరికరం కేంద్రం గెజిట్‌లో ఆమోదించిన రకానిదై ఉండాలి. మద్యం ఉన్నట్టు తేలితే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. ఆ తర్వాత స్టేషన్‌లో మరోసారి ఊదే అవకాశం ఇవ్వాలి. వైద్యుడి చేత రక్త నమూనా తీయించేది సెక్షన్ 204. నిందితురాలు మహిళై, వైద్యుడు పురుషుడైతే మరో మహిళ ఎదుటే నమూనా తీయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది సెక్షన్ 202. అరెస్టు చేసిన రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి. జరగకపోతే వదిలిపెట్టాలి. అర్ధరాత్రి పల్లె దారిలో పట్టుబడిన మనిషిని రెండు గంటల్లో డాక్టరు ముందు నిలబెట్టడం తేలిక కాదు. అందుకే అరెస్టు సమయం, ఆసుపత్రి చీటీ మీది సమయం పక్కపక్కన పెట్టి చూడటం వకీలు చేసే మొదటి పని. అయితే ఆ గడువు దాటితే కస్టడీ నుంచి వదలాలని మాత్రమే చట్టం అంటుంది, కేసు దానంతటదే వీగిపోతుందని అనదు. అభ్యర్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

వాదన నిలిచే చోట్లు

యంత్రం ఇచ్చే స్లిప్పు చేతిలోకి తీసుకుని చదవండి. తేదీ, సమయం, పరికరం నంబరు, రీడింగు సరిగా ఉన్నాయా? పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? ఊదేముందు నోట్లో మౌత్‌వాష్ లాంటిది ఏమైనా ఉందా? నోట్లో మిగిలిన ఆల్కహాలు రీడింగును పెంచుతుంది. ఇవన్నీ సాక్షిని అడగదగ్గ ప్రశ్నలు.

నోటి నుంచి మద్యం వాసన వచ్చింది, నడక తూలింది, మాట తడబడింది అన్న ఆధారాలతోనే తాగాడని తేల్చలేమని బచూభాయ్ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. బ్రీత్ అనలైజర్ ఫలితం ఒక్కదాని మీదే ఆధారపడి ఆర్టీసీ డ్రైవరును ఉద్యోగం నుంచి తీసేయడాన్ని తెలంగాణ హైకోర్టు 2025లో కొట్టేసింది. కానీ అది ఉద్యోగ వివాదం. క్రిమినల్ కేసులో మాత్రం ఊదిన ఫలితం సాక్ష్యంగా చెల్లుతుందని సెక్షన్ 203 స్పష్టంగా చెబుతోంది. ఈ తేడా రాయకుండా ఆ తీర్పును ఉదహరిస్తే సగం జవాబే.

వాదన నిలవని చోట్లు

ఊదనని మొండికేయడం వాదన కాదు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే దాన్ని ప్రాసిక్యూషన్‌కు బలంగా భావించవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. రక్త నమూనా ఇవ్వమనడం నాకు వ్యతిరేకంగా నన్నే సాక్ష్యం చెప్పమనడమేనన్న వాదనకూ బలం లేదు. శరీర సంబంధ ఆధారాలకు రాజ్యాంగంలోని 20(3) అధికరణ రక్షణ వర్తించదని కథీ కాలూ ఓఘడ్ కేసు 1961లో తేల్చింది. ప్రమాదం జరిగితే బీమా సంగతి మరీ కఠినం. పరీక్షే జరగకపోయినా, మద్యం మత్తు వల్లే ప్రమాదమని ఇతర ఆధారాలతో బీమా సంస్థ నిరూపించవచ్చని సుప్రీంకోర్టు 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసులో చెప్పింది. ఇక ప్రాణం పోతే కేసు 185తో ఆగదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106కో, ఇంకా తీవ్రమైన 105కో వెళ్తుంది.

ఒప్పుకునే ముందు

185 రోడ్డు మీద చలానా కట్టి రాజీ చేసుకునే నేరం కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. బెయిలబుల్ కాబట్టి బెయిలు హక్కుగా వస్తుంది. 'ఒప్పుకుంటే ఫైనుతో పోతుందిలే' అని పక్కవాళ్లు చెప్పగానే తలూపేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ ఒప్పుకోలు శిక్షగా నమోదవుతుంది. మరోసారి పట్టుబడితే రెండేళ్ల జైలుకు అదే మెట్టు. లైసెన్సుపై వేటు కూడా పడవచ్చు. ఆటో మీద బతికే ఇంటికి ఫైను కన్నా అది పెద్ద దెబ్బ.

నిజంగా తాగి నడిపినవాడు ఒప్పుకోవడంలో తప్పు లేదు. అయితే కాగితాలు చూసుకుని, వకీలుతో మాట్లాడి ఆ పని చేయాలి. కస్టడీలో ఉన్నవారికీ, మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచిత వకీలు దొరుకుతాడు. ఫోన్ నంబరు 15100. మీ ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ నంబరు రాసివ్వండి.