పొగ లేని వంట: పొలములోని మిగులునుండి ఇంధనము

ఖరగ్‌పూర్ రైలు వలన పుట్టిన పట్టణము. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడిన పిమ్మట, ఆ శతాబ్దపు చివరి యేండ్లలో ఇచట జంక్షను వెలసెను. ఆ వెనుక పెద్ద కార్ఖానా వచ్చెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పనికై వచ్చి ఇచటనే స్థిరపడిరి. ఆవిరి యింజనులు నడచిన కాలమున కాలనీలలో వంటకు బొగ్గే ఆధారము. సగము కాలిన బొగ్గును ఏరి తెచ్చి కుంపట్లు రాజవేయుదురు. బొగ్గు పొడిని మట్టితోను పేడతోను కలిపి చేసిన ఉండలను బెంగాలులో ‘గుల్’ అందురు. శీతకాలపు సాయంకాలములలో ఆ పొగ పైకి పోక వీధులలోనే నిలుచుచుండెడిది.

నేడు పట్టణమున సిలిండరు గ్యాసు వ్యాపించినది. కాని రైలు పట్టాలు దాటి కొంత దూరము పోయిన వరి పండించు పల్లెలు కలవు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని అట్టి పల్లెలలో వరిగడ్డి, పిడకలు, సాలవనములలో ఊడ్చి తెచ్చిన ఆకులు నేటికిని పొయ్యిలోనికి పోవుచున్నవి. 2016 మే 1న ప్రారంభమైన ఉజ్జ్వల యోజన వలన పేద యిండ్లకును సిలిండరు వచ్చినది. అయినను రెండవ సిలిండరు కొనుటకు చేతిలో డబ్బు లేనపుడు ఇల్లాలు మరల పాత పొయ్యినే రాజవేయును. ఇందు ఆమె తప్పేమియు లేదు.

పొయ్యి పొగలో కంటికి కనబడు మసికన్న కనబడని నుసియే ఎక్కువ హాని చేయును. 2.5 మైక్రానులకన్న సూక్ష్మమైన కణములు ఊపిరితిత్తుల లోపలి పొరలవరకు పోవును. తల్లి ఒడిలో కూర్చున్న పసిబిడ్డకు న్యుమోనియా, ఏండ్ల తరబడి పొయ్యిముందు గడిపిన స్త్రీకి విడువని దగ్గు, ఆయాసము, కంటిలో శుక్లము దీనివలన సంభవించును. ఇంటిలోని పొగ మూలమున 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా ఐదేండ్లలోపు పిల్లలు.

వరిగడ్డి ఎందుకు అంత పొగ యిచ్చును? అది తేలికయై, వదులుగా ఉండును; గుప్పెడు వేయగానే భగ్గున మండి ఆరిపోవును. మండని ఆవిరులు పొగగా లేచును. గడ్డిలో ఇసుక జాతి పదార్థమైన సిలికా ఎక్కువ గనుక బూడిదయు ఎక్కువ మిగులును. వంట ముగియువరకు ఇల్లాలు పొయ్యి నోటివద్దనే కూర్చుండి గడ్డి అందించుచుండవలెను. కావున పొగ అంతయు ఆమెయే పీల్చును.

ఊకను, తరిగిన గడ్డిని యంత్రముతో గట్టిగా అదిమి కడ్డీలుగా చేయుట ఒక మార్గము. పదార్థములో తేమ నూటికి 8 మొదలు 12 పాళ్లకు మించరాదు. అదుముటలో పుట్టు వేడికి గడ్డిలోని లిగ్నిన్ మెత్తబడి బంకవలె పట్టుకొనును. ఇట్టి కడ్డీ నిలకడగా మండును, నిలువచేయుటకు తగును. అయినను అది కట్టెవంటిదే. గాలి చక్కగా ఆడు పొయ్యి లేక దానిని మండించిన పొగ తప్పదు. పైగా ఊకకు బియ్యపు మిల్లుల బాయిలర్ల మూలమున ధర పలుకుచున్నది. ఒకనాడు పేదలు ఉచితముగా తెచ్చుకొన్న వస్తువునకు ధర వచ్చిన పిదప దానిని ‘వ్యర్థము’ అనుట చెల్లదు. గడ్డియు అంతే: అది పశువులకు మేత, ఇంటికి కప్పు. వాని అక్కర తీరగా మిగిలినదియే ఇంధనమునకు రావలెను.

నిజముగా పొగ లేనిది పేడనుండి వచ్చు గ్యాసు. గాలి చొరని తొట్టిలో పేడను నీటితో కలిపి ఉంచిన సూక్ష్మజీవులు దానిని మొదట ఆమ్లములుగా, తరువాత మిథేనుగా మార్చును. ఈ గ్యాసులో నూటికి 55 మొదలు 65 పాళ్లు మిథేను. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. పచ్చిపేడ 25 కిలోలనుండి సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు వచ్చును. మనిషికి దినమునకు ఘనపు మీటరులో నాల్గవ వంతు, కొంచెము ఎక్కువగా పట్టును. కావున రెండు ఘనపు మీటర్ల తొట్టి ఆరేడుగురు ఉన్న కుటుంబమునకు చాలును; దానికి దినమునకు 50 కిలోల పేడ, అంతే నీరు, అనగా నాలుగైదు పశువులు కావలెను.

వరిగడ్డిని మాత్రమే తొట్టిలో వేసిన పని జరుగదు. గడ్డిలో నత్రజని చాల తక్కువ. అది నీటిపై తేలి పెంకువలె గట్టిపడును. సన్నగా తరిగి నానబెట్టి, పేడలో కొద్దిపాలుగా కలిపిననే సూక్ష్మజీవులకు అది ఆహారమగును. చలికాలమున పులియుట మందగించి గ్యాసు తగ్గును. ఆ దినములలో తొట్టి చెడినదని తలచి విడిచివేయుట పొరపాటు.

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960ల ఆరంభమునుండి గోబరుగ్యాసును ప్రచారము చేసెను. ఇనుప డ్రమ్ము లేకయే ఇటుకలతో కట్టు ‘దీనబంధు’ నమూనా 1984లో వచ్చెను. ఖరగ్‌పూర్‌లో, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనములో ఆరంభమైన ఐ.ఐ.టి.యందు, శాస్త్రజ్ఞులు ఎంటరోబాక్టర్ క్లొయేసీ అను సూక్ష్మజీవి జాతితో సేంద్రియ పదార్థములనుండి హైడ్రోజను తీయు పరిశోధన చేసిరి. అది ప్రయోగశాల విద్య. పల్లె ఇల్లాలికి నేడు అందుబాటులో ఉన్నది పేడతొట్టియే.

తొట్టినుండి వెలువడు బురద పారవేయదగినది కాదు. నత్రజని దానిలోనే మిగులును గనుక పొలమునకు మంచి ఎరువు. పిడకలుగా కాల్చినచో ఆ నత్రజని పొగతో పోయెడిది. ఒక ఘనపు మీటరు గ్యాసు సుమారు మూడున్నర కిలోల కట్టెకు సాటి. కావున వనమునకు పోయి ఆకులూడ్చు గంటలు స్త్రీకి మిగులును. పశువులు లేని కూలికుటుంబమునకు మాత్రము ఇది సులభముగా చేరదు. ఇరుగుపొరుగు కలిసి ఒకే తొట్టి కట్టుకొనవచ్చును గాని, దినదినము పేడ ఎవరు మోయుదురో ముందే తేల్చుకొననిచో అది రెండు మాసములలో మూలబడును.

గుమ్మటము గ్యాసు కారకుండ కట్టుటకు శిక్షణ పొందిన తాపీమేస్త్రీ అవసరము. గొట్టపు అతుకులు సరిగా ఉండవలెను. కారుటను పరీక్షింపవలెనన్న అతుకులపై సబ్బునీరు పూసి బుడగలు చూడవలెను, అగ్గిపుల్ల గీయరాదు. కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చిన కిటికీలు తెరిచి, గ్యాసు కట్టి, మేస్త్రీని పిలువవలెను. శుభ్రపరచుటకై ఖాళీచేసిన తొట్టిలోనికి వెంటనే దిగరాదు. మూత తీసి చాలసేపు గాలి ఆడనిచ్చి, పైన ఒకరు త్రాడు పట్టుకొని నిలువగా మాత్రమే దిగవలెను.