బోరు నీటికి చక్రపు మీటరు: అమర్చు విధము, కాపాడు విధము

పత్తికొండ చుట్టుపట్ల బోరు క్రింద టమోటా వేయు రైతును బోరు సంగతి అడిగినచో "రెండించుల నీళ్లు పడినాయి" అనును. అది బోరు వేసిననాడు కంటితో చూచిన మాట. ఆ తరువాత అతడు లెక్కించునది మోటారు నడచిన గంటలను మాత్రమే. గంటల లెక్క నీటి లెక్క కాదు. ఈ సీమలో బోరు నీరు గట్టి రాతి నెర్రెలలో నిలిచిన నీరు. వానలు వెనుకబడిన కొలది ఆ మట్టము దిగును. మోటారు మాత్రము ఆ గంటలే నడచుచుండును.

ఒక లెక్క చూడుడు. అక్టోబరులో సెకనుకు రెండున్నర లీటర్లు పోయు బోరు దినమునకు 7 గంటలు నడచినచో 63,000 లీటర్లు వచ్చును. కాపు మీదనున్న టమోటాకు బిందుసేద్యము క్రింద దినమునకు 5 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొందము. ఎకరమునకు సుమారు 20,000 లీటర్లు పట్టును. అనగా మూడెకరములు సాగగలవు. అదే బోరు ఫిబ్రవరికి సెకనుకు ఒకటిన్నర లీటరుకు దిగినచో వచ్చునది 37,800 లీటర్లే. రెండెకరములకును చాలదు. మూడెకరములు నాటిన రైతు కాయ దిగు వేళ ఏ మడిని ఎండబెట్టవలెనా యని తలపట్టుకొనును, లేదా అప్పు తెచ్చి మరియొక బోరు వేయించును. ఈ తగ్గుదల తరచుగా వారము వారము కొంచెముగా వచ్చును. కంటికి అది ఆనదు. గొట్టములో అమర్చిన మీటరుకు ఆనును.

దీని పని తీరు సులభమే. గొట్టములో రెక్కల చక్రమొకటి యుండును. నీరు ఎంత వేగముగా పారిన అది అంత వేగముగా తిరుగును. చక్రమునకున్న అయస్కాంతము పైనున్న పండ్ల చక్రములను కదలించి అంకెలను జరుపును. సముద్రములో పడవ వేగము తెలిసికొనుటకు దాని అడుగున అమర్చు చిన్న చక్రమును ఈ జాతిదే. అక్కడ పడవ కదలును, ఇక్కడ నీరు కదలును. అక్కడ చక్రమును పట్టి నిలుపునవి నాచు, గుల్లలు. మనకు ఇసుక, సున్నపు పొర. సాధారణముగా మీటరుపై నల్ల అంకెలు ఘనమీటర్లను, ఎర్రవి అందలి భాగములను చూపును. ఒక ఘనమీటరు 1,000 లీటర్లు.

మీటరు కొనుటకన్న దానిని ఎచ్చట బిగించుట యన్నదే ముఖ్యము. ఇసుక ఫిల్టరు దాటిన తరువాత, ఎరువులు కలుపు చోటునకు ముందు దీని స్థానము. ఎరువు గాని, డ్రిప్పు కడుగుటకు వాడు ఆమ్లము గాని మీటరు గుండా పోరాదు. మీటరుకు ముందు గొట్టపు వ్యాసమునకు పది రెట్లు, తరువాత ఐదు రెట్లు పొడవున వంపు గాని, వాల్వు గాని లేని తిన్నని గొట్టముండవలెను. 63 మిల్లీమీటర్ల గొట్టమైనచో ముందు రెండడుగులకు పైగా, వెనుక ఒక అడుగునకు పైగా యని గుర్తుంచుకొనుడు. మోచేతి వంపు ప్రక్కనే బిగించినచో నీరు సుడి తిరుగుచు వచ్చి చక్రమును ఎక్కువగానో తక్కువగానో త్రిప్పును. ఒంటిపై నున్న బాణపు గుర్తు నీరు పోవు దిక్కునకు, అంకెలు ఆకాశమునకు ఉండవలెను. గొట్టము నిండుగా పారు పల్లపు చోటు మేలు. మెరకలో గాలి చేరును. గాలికి కూడ చక్రము తిరుగును, మీటరు దానిని నీరుగా లెక్కించును. మట్టము దిగిన బోరు గాలి కలిపి పోయునప్పుడు మీటరు ఎక్కువ నీరు చూపి మోసగించును. కావున మీటరుకు ముందు గాలి వాల్వు తప్పదు.

రెండు ప్రక్కల యూనియనులు పెట్టించుడు. ఊడదీయుటకు రంపము అవసరముండదు. మీటరంత పొడవు గల గొట్టపు ముక్క నొకదానిని సిద్ధముగా ఉంచుకొనుడు. క్రొత్తగా గొట్టము వేసినప్పుడును, బోరు కడిగించినప్పుడును మీటరును తీసి ఆ ముక్కను బిగించి మురికి నీటిని పోనీయవలెను. పడవ రేవులో నిలిచియుండగా చక్రమును తీసి ఆ రంధ్రమునకు బిరడా పెట్టుట కూడ ఇట్టి జాగ్రత్తయే. తీగె ద్వారా అంకెలు పంపు మీటరైనచో ఆ తీగెను మోటారు తీగెతో కలిపి కట్టరాదు. లేని లెక్కలు పుట్టును.

బిగించిన పిదప నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. 20 లీటర్ల డబ్బాతో పది మార్లు నీరు పోసి డ్రమ్ములో 200 లీటర్ల గీటు పెట్టుడు. మీటరు దాటిన నీటిని ఆ గీటు వరకు ఐదు మార్లు పట్టుడు. మీటరు ఒక ఘనమీటరు జరుగవలెను. క్రొత్త మీటరు మామూలు ప్రవాహములో నూటికి రెండు పాళ్లకు మించి తప్పరాదు. చేతి కొలతలో మనకు ఐదు పాళ్ల వరకు సరిపెట్టుకొనవచ్చును.

ఈ పరీక్షను నెలకొక మారు చేయుచుండవలెను. మీటరు తగ్గి, డ్రమ్ము మునుపటి కాలములోనే నిండుచుండినచో చక్రము పట్టుకొన్నదని అర్థము. రెండును తగ్గినచో తప్పు మీటరుది కాదు. మొదట పంపును, గొట్టపు కారుటను చూడుడు. అవి బాగున్నచో బోరు మట్టము దిగినట్లే. డ్రమ్ము మారక మీటరు మాత్రము పెరిగినచో గాలిని అనుమానింపుడు, లేక లోపలి జల్లెడ కొంత పూడుకొని మిగిలిన రంధ్రములగుండా నీరు చిమ్మి చక్రమును తరుముచుండును. చక్రముపై తెల్లని పొర కట్టినచో లీటరు నీటిలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి నానవేసి, మెత్తని బ్రష్షుతో కడుగుడు. కత్తితో గీకరాదు. రెక్క మీద పడిన గీటు అటుపై ప్రతి కొలతను చెరచును.

కొలతలు రైతు పని కాదను వారికి ఈ జిల్లాలోనే సమాధానము గలదు. 2003లో ఆరంభమైన రైతుల యాజమాన్యపు భూగర్భజల వ్యవస్థల పథకములో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సహాయముతో, కర్నూలు, కడప సహా ఏడు కరవు జిల్లాల రైతులు వానను, బోరు మట్టమును, బోరు పోయు నీటిని తామే కొలిచి గ్రామములో గోడలపై వ్రాసిరి. రబీకి ముందు ఊరంతయు కూర్చుండి ఉన్న నీటికి తగిన పైరు లెక్క వేసికొనిరి. గ్రామాధికారులు నేడును ఇట్టి గోడ నొకదానిని వ్రాయించినచో ఖర్చు సున్నపు డబ్బా పాటిదే.

మీటరున్న రైతు వారమునకొక దినము, ఒకే వేళకు, అంకెను, మోటారు నడచిన గంటలను పుస్తకములో వ్రాయవలెను. వారపు నీటిని గంటలతో భాగించిన గంటకు వచ్చు నీరు తెలియును. ఆ అంకె వరుసగా మూడు వారములు దిగినచో నారు ఇంకను మడిలో నుండగానే విస్తీర్ణము తగ్గించుకొనవచ్చును. రెండేండ్ల పుస్తకమున్నచో ఇంకను మేలు: నిరుడు ఫిబ్రవరికి బోరు ఎంతకు దిగినదో చూచి అక్టోబరులోనే ఎకరములు నిర్ణయించుకొనవచ్చును. వేసవిలో బోరు నిలిపినప్పుడు మీటరును ఊడదీసి, కడిగి, నీడలో భద్రపరచి, దాని చోట గొట్టపు ముక్కను బిగించుడు. ఎండలో ఎండిన మురికి చక్రపు ఇరుసుకు అంటుకొనును.