మార్చిన మూత్రపిండము – బీ.కే. వైరసు

మూత్రపిండములు చెడినవానికి మఱియొకరి మూత్రపిండమును అమర్చుట మన దేశమున 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రియందు సఫలమయ్యెను. ఐడా స్కడర్ దొరసానిగారు 1900లో ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల యిదియే. ఆ 1971లోనే లండను వైద్యులు, మూత్రపిండము మార్చుకొనిన యొక రోగి మూత్రములో క్రొత్త వైరసును కనుగొన్నట్లు ప్రకటించిరి. రోగి పేరిటి పొడి యక్షరములే దానికి పేరాయెను.

ఇది చాలమందికి బాల్యముననే సోకి, యే బాధయు పెట్టక మూత్రపిండములలో నిద్రించుచుండును. రోగనిరోధక శక్తి దానిని అణచియుంచును. అయితే ఆ శక్తియే క్రొత్త మూత్రపిండమును పరాయిదని యెంచి పాడుచేయును గనుక, దానిని తగ్గించు మందులను రోగి నిత్యము మ్రింగవలెను. కావలివాడు కునికినపుడు దొంగ లేచినట్లు, అపుడు వైరసు మేల్కొని, అమర్చిన మూత్రపిండమునే చెఱచును.

తఱచుగా నొప్పి యుండదు, జ్వరముండదు; రక్తములో క్రియాటినిన్ మాత్రము హెచ్చును. కావున కారేపల్లినుండి పట్టణమునకు పోవుట భారమే యైనను, వైద్యుడు చెప్పిన గడువులకు రక్తమూత్ర పరీక్షలు మానరాదు. ఈ వైరసును నిశ్చయముగా చంపు మందు లేదు. రోగనిరోధక శక్తిని అణచు మందుల మోతాదును వైద్యులు కొంత తగ్గింతురు. మిక్కిలి తగ్గినచో దేహము మూత్రపిండమునే త్రోసివేయును. ఈ తూకము చూడవలసినది వైద్యుడే. రోగి తనంతట తాను మాత్రలను మానినచో, ఒకరు ప్రేమతో ఇచ్చిన మూత్రపిండము కొలది వారములలోనే చెడవచ్చును.