శిశువుల శ్వాస పరికరాలు - ఇన్ఫెక్షన్ నియంత్రణ

ముప్పు ఎందుకు ఎక్కువ?
తల్లి యాంటీబాడీలు బిడ్డకు ఎక్కువగా గర్భం చివరి మూడు నెలల్లోనే చేరతాయి. నెలలు నిండని శిశువుకు ఆ రక్షణ అరకొరే. ఇక శ్వాసనాళంలో గొట్టం వేస్తే ముక్కు చేసే వడపోత కూడా ఉండదు. ఢిల్లీలోని 3 పెద్దాసుపత్రుల్లో జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. దాని ప్రకారం, సెప్సిస్ సోకిన నవజాత శిశువుల్లో దొరికిన బ్యాక్టీరియాలో అసినెటోబాక్టర్‌దే (22 శాతం) మొదటి స్థానం. ఇది తడిలోనే కాదు, పొడి ఉపరితలాల మీదా రోజుల తరబడి బతుకుతుంది.

స్పాల్డింగ్ వర్గీకరణ
ఏ పరికరాన్ని ఏ స్థాయిలో శుద్ధిచేయాలో ఈ వర్గీకరణ చెబుతుంది. పరికరం శరీరంలో దేన్ని తాకుతుందన్నదే ఇక్కడ ఆధారం. వెంటిలేటర్ సర్క్యూట్ (బిడ్డకు గాలి చేర్చే గొట్టాలు), లారింగోస్కోప్ బ్లేడు, అంబు బ్యాగు శ్లేష్మపొరలను నేరుగానో పరోక్షంగానో తాకుతాయి కాబట్టి 'సెమీ క్రిటికల్' కిందికి వస్తాయి. వీటికి కనీసం హై లెవెల్ డిసిన్ఫెక్షన్ తప్పనిసరి. వెంటిలేటర్ పైభాగం, మీటలు 'నాన్ క్రిటికల్'.

గొట్టంలో చేరే నీరు
హ్యూమిడిఫైయర్ గాలిని దాదాపు 37 డిగ్రీలకు వేడిచేసి తేమతో నింపుతుంది. ఆ గాలి గొట్టంలో చల్లబడితే నీరు చేరుతుంది. అందులోని క్రిములు చాలావరకు బిడ్డ గొంతు స్రావాల నుంచి వచ్చినవే. బిడ్డను పక్కకు తిప్పినప్పుడు గొట్టం వాలితే ఆ నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే తిప్పడానికి ముందే, గ్లౌజులతో, బిడ్డకు దూరంగా ఉండే దిశలో ఆ నీటిని వంపేయాలి. హ్యూమిడిఫైయర్‌లోకి మాత్రం తిరిగి పోయకూడదు. అందులో స్టెరైల్ వాటరే వాడాలి.

సర్క్యూట్ మార్పు
సర్క్యూట్‌ను ఎన్నాళ్లకోసారి మార్చాలన్న ప్రశ్నకు 'రోజూ మార్చాలి' అన్న జవాబు తప్పు. అమెరికాకు చెందిన సీడీసీ 2003 మార్గదర్శకాల ప్రకారం, ఒకే రోగికి వాడుతున్న సర్క్యూట్‌ను మురికి కంటికి కనిపించినా, సరిగా పనిచేయకపోయినా మార్చాలి. రోజులు లెక్కపెట్టి కాదు. విప్పిన ప్రతిసారీ గొట్టంలో చేరిన నీరు కదిలి లోపలికి జారే ప్రమాదం ఉంటుంది. మరో బిడ్డకైతే శుద్ధిచేసిన సర్క్యూట్ తప్పనిసరి.

శుద్ధి క్రమం
భాగాలు విడదీసి ముందు డిటర్జెంట్‌తో కడగాలి. కఫం అంటుకుని ఉంటే రసాయనం లోపలి క్రిములను చేరదు. తర్వాత 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో సాధారణంగా కనీసం 20 నిమిషాలు పూర్తిగా మునిగేలా ఉంచాలి. స్టెరైల్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాలి.

రద్దీ వార్డుల్లో గాలికొదిలేసేవి ఈ చివరి రెండు అంచెలే. నా దృష్టిలో అత్యంత విలువైనవీ అవే. కుళాయి నీటితో కడిగితే అందులోని సూడోమోనాస్ బ్యాక్టీరియా మళ్లీ చేరవచ్చు. తడి గొట్టాన్ని కవర్లో పెట్టి మూసేస్తే ఆ బ్యాక్టీరియా అక్కడే పెరుగుతుంది.