ఉద్దానం: డయాలసిస్ ఉచితమైనా ఆగని ఖర్చు

శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన కొబ్బరి, జీడి తోటల ప్రాంతమే ఉద్దానం. ఇక్కడి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి కచ్చితమైన కారణం నేటికీ తేలలేదు. మధుమేహం, రక్తపోటు లేనివారికీ ఇది వస్తోంది.

వ్యాధి ముదిరితే తప్పని డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు మంచం మీదే. ఆ రోజు రోగి కూలి పోతుంది, తోడు వచ్చిన భార్య కూలీ పోతుంది. పైగా ఆటో చార్జీలు, మందులు, రక్తహీనతకు ఇంజెక్షన్లు. జీడిపిక్కలు ఒలిచి బతికే ఇల్లు అప్పులపాలు కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పథకాల సంగతి. పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని 2016లో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు రూ.10,000కు పెరిగింది; ఇంటికి నిజంగా ఊపిరిపోసిన సాయమిదే. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే రూ.700 కోట్ల పథకమూ అప్పుడే ప్రారంభమైంది.